న్యూస్ యాంకర్లను జనం ఎందుకు నమ్మడం లేదు?

యాంకర్ కన్నా ముందు ఛానెల్ ఎవరిదో చూడటం తెలుగువాళ్లకు అలవాటైపోయింది. సాక్షి టీవీ జగన్ కుటుంబం పెట్టిందని, టీ న్యూస్ బీఆర్ఎస్‌కు దగ్గరిదని తెలిశాక, అక్కడ చెప్పేది సగం తీసేసి వింటారు.

హిందీ, ఇంగ్లిష్ ఛానెళ్ల దగ్గర గొడవ యాంకర్ల దాకా వెళ్లింది. 2023 సెప్టెంబరులో ఇండియా కూటమి 14 మంది పేర్లు ప్రకటించి, వాళ్ల షోలకు తమ ప్రతినిధులను పంపబోమంది. (జవాబుదారీతనం అడగడానికి ఇది మంచి పద్ధతని నాకనిపించదు.)

అసలు పక్షపాతం అబద్ధాల్లో కన్నా ప్రశ్నల్లో ఎక్కువ దొరుకుతుంది. ఒకరిని "మీ పథకం గురించి చెప్పండి సార్" అంటారు, ఇంకొకరిని "క్షమాపణ ఎప్పుడు చెప్తారు?" అని నిలదీస్తారు. ఆయన నోరు తెరవగానే బ్రేక్!

అలాగని తప్పంతా యాంకర్‌దే కాదు. ఒకే డిబేట్ చూసి రెండు పార్టీల అభిమానులూ "మావాడిని మాట్లాడనివ్వలేదు" అనడం మామూలే.