నాలుగు వేల గేమ్ కోసం ఎనభై అయిదు వేల ల్యాప్‌టాప్ కొనవచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో మియాపూర్ దగ్గర హాస్టల్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి 46,000 వస్తుంది. హాస్టల్‌కి 9,000, తెనాలిలో ఉన్న అమ్మానాన్నలకు 12,000, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ 7,800, సిప్ 3,000 పోతాయి. పెట్రోలు, ఫోను, బయట తిండి, సినిమాలు అన్నీ కలిపి 8,700 దాకా అవుతుంది. ఎఫ్‌డీలో 35,000 ఉంది. ఏప్రిల్‌లో బోనస్ 60,000 రావచ్చు. బీటెక్‌లో కలిసి చదివిన నలుగురం ప్రతి శనివారం రాత్రి ఓ నాలుగు గంటలు వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుకుంటాం. మిగతా ముగ్గురు బెంగళూరు, పుణె, వైజాగ్‌లలో ఉన్నారు. ఇప్పుడు వాళ్లు బ్యాటిల్‌ఫీల్డ్ 6 కొన్నారు, నన్నూ రమ్మంటున్నారు. గేమ్ దాదాపు నాలుగు వేలు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650. దాని మీద నడవదంటున్నారు. 85,000 పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ మీద తీసుకుందామనుకుంటున్నాను. గంట లెక్క వేస్తే సినిమా కంటే గేమే చవక అంటాడు మావాడొకడు. నాన్నకు చెబితే ఆన్‌లైన్ పేకాట లాంటిదేమో అని కంగారు పడుతున్నారు. కొనవచ్చా?

జవాబు: గేమ్ కొనుక్కోవచ్చు. ల్యాప్‌టాప్ మాత్రం ఈ ఈఎంఐ మీద ఇప్పుడు వద్దు. ఎందుకో చెబుతాను.

మీ స్నేహితుడి లెక్క తప్పు కాదు. శనివారానికి నాలుగు గంటల చొప్పున ఏడాదికి 50 శనివారాలు ఆడినా 200 గంటలు. నాలుగు వేలను 200తో భాగిస్తే గంటకు 20 రూపాయలు. మల్టీప్లెక్స్‌లో టికెట్టు, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపి మనిషికి 500 అనుకుంటే, మూడు గంటల సినిమాకు గంటకు 165 పైనే పడుతుంది. అతని మెషిన్ అతని దగ్గర ఉంది కాబట్టి అతనికి ఇది చవక బేరమే.

మీ లెక్క వేరు. గేమ్, ల్యాప్‌టాప్ కలిపి 89,000. మూడేళ్లపాటు ఇదే లెక్కన, ఏడాదికి 50 శనివారాలు ఆడారనుకుందాం. 600 గంటలకు పంచితే గంటకు 148 రూపాయలు. అంటే సినిమా ఖర్చు దగ్గరికే వచ్చేశారు. వారం విడిచి వారం ఆడితే దాదాపు 300. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అదే ఇది. ల్యాప్‌టాప్ ఇతర పనులకూ ఉపయోగపడుతుంది కదా అనవచ్చు. ఆఫీసు పనికి మామూలుగా కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తుంది, మీ సొంతానికి ఇప్పుడున్నది పనిచేస్తూనే ఉంది. కాబట్టి ఈ 85,000 మొత్తాన్నీ గేమ్ ఖాతాలోనే రాయాలి.

ఇక ఈఎంఐ. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 40,500. నెలకు మిగిలేది 5,500. ల్యాప్‌టాప్ వాయిదా నెలకు 7,083. ఇక్కడే ఆగిపోవాలి నిజానికి. మిగతా పదిహేను వందలు ఇంటికి పంపే డబ్బులోంచి కోస్తారా, సిప్ ఆపుతారా, క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ ఉంచుతారా? ఆ మూడో దారిలోకి జారేవాళ్లే ఎక్కువ. కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి అది నలభై శాతం చుట్టుపక్కల తేలుతుంది.

నో కాస్ట్ అన్న మాటను కూడా ఒకసారి విప్పి చూడండి. బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. 16 శాతం వడ్డీ అనుకుంటే, 85,000 మీద ఏడాది వడ్డీ సుమారు 6,900, దాని మీద జీఎస్టీ 1,250 దాకా వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఒకేసారి డబ్బు కడితే దొరికే డిస్కౌంటు కూడా చాలాసార్లు ఈఎంఐ మీద దొరకదు. కొనేముందు ఆ రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు గేమ్ సంగతి. ఇలా ఆన్‌లైన్‌లో పదిమందితో కలిసి ఆడే మల్టీప్లేయర్ షూటింగ్ గేమ్‌లకు డబ్బు పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఎన్నాళ్లు నడుస్తుంది, నాతో ఎవరు ఆడతారు? ఒంటరిగా ఆడే గేమ్ అయితే రెండేళ్లు ఆగి సేల్‌లో సగం ధరకు కొన్నా దాని రుచి ఎక్కడికీ పోదు. మల్టీప్లేయర్ అలా కాదు. ఆడేవాళ్లు ఉన్నంతకాలమే అది గేమ్, సర్వర్ ఆపేస్తే మీరు కట్టిన డబ్బుకు చేతిలో ఏమీ మిగలదు. 2016లో జనం డబ్బు పెట్టి కొన్న ఓవర్‌వాచ్‌ను 2022 అక్టోబరులో మూసేసి, దాని స్థానంలో ఉచితంగా ఓవర్‌వాచ్ 2 తెచ్చారు. సోనీ 40 డాలర్లకు అమ్మిన కాంకర్డ్ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6న మూతపడింది. కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చారు కాబట్టి సరిపోయింది. యూబీసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌డిఫయంట్ ఉచితం అయినా ఏడాది దాటగానే మూతపడింది.

బ్యాటిల్‌ఫీల్డ్ విషయంలో అంత భయం అక్కర్లేదు, ఆ పేరుకు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. అయినా 2021లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 2042 పూర్తి ధరకు కొన్నవాళ్లను బాగా నిరాశపరిచింది. అందులో కథ నడిచే క్యాంపెయిన్ కూడా లేదు. ఏడాది తిరిగేలోపే అది భారీ డిస్కౌంట్లలో కనిపించింది. 6లో క్యాంపెయిన్ ఉంది, 64 మంది దాకా ఒకే మ్యాప్‌లో, అంటే ఒకే యుద్ధరంగంలో ఆడే పాత పద్ధతి ఉంది, సీజన్లలో కొత్త మ్యాపులకు విడిగా డబ్బు అడగరు. బ్యాటిల్‌ఫీల్డ్ 4 గేమ్ వచ్చిన రోజుల్లో అదనపు మ్యాపుల కోసం 50 డాలర్ల ప్రీమియం పాస్ అమ్మేవారు. అది కొన్న స్నేహితుడు ఒక మ్యాప్‌లో, కొననివాడు ఇంకో మ్యాప్‌లో ఉండేవారు. ఆ బాధ ఇప్పుడు లేదు. అందుకే నాలుగు వేల ధరను నేను తప్పుపట్టను.

అయితే మీ నలుగురిలో ఎవరు ఎంతకాలం ఆడతారన్నది చూడండి. ఇరవై ఆరేళ్ల వయసు ఇది. ఒకరికి పెళ్లి కుదరవచ్చు, ఒకరికి నైట్ షిఫ్ట్ పడవచ్చు, ఒకరు అమెరికా వెళ్లవచ్చు. ఆ శనివారం రాత్రులు మీకు చాలా విలువైనవని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. వాటి కోసం ఖర్చు పెట్టడం దుబారా అని నేను అనను. కానీ ఆ కబుర్లకు, ఆ నవ్వులకు 85,000 మెషిన్ తప్పనిసరి కాదు. వాలరెంట్ మీ పాత ల్యాప్‌టాప్ మీద చక్కగా నడుస్తోంది, అది ఉచితం కూడా. నెలలో రెండు శనివారాలు వాలరెంట్, రెండు శనివారాలు బ్యాటిల్‌ఫీల్డ్ అని వాళ్లతో చెప్పి చూడండి. ఇంత చిన్న సర్దుబాటుకు ఒప్పుకోని స్నేహితులని నేను అనుకోను. మీకు దగ్గరలో గేమింగ్ కేఫ్ ఉంటే ఆ రెండు శనివారాలు అక్కడ ఆడవచ్చు. గంటకు వంద అనుకున్నా నెలకు 800. కాకపోతే మీరు ఆడేది రాత్రిళ్లు, ఆ వేళకు కేఫ్ తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను. వాలరెంట్ ఉచితం అన్నాను గానీ, అందులో స్కిన్‌లకు, అంటే తుపాకులకు తొడిగే రంగుల అలంకరణలకు మీరు ఎంత పెట్టారో ఉత్తరంలో రాయలేదు. యూపీఐ యాప్ తెరిచి గత ఏడాది లావాదేవీలు ఒక్కసారి కూడండి. ఆ షాపు అమరిక ఎలా ఉంటుందో చూడండి. ప్రీమియం తరగతి తుపాకీ స్కిన్ 1,775 పాయింట్లు. పాయింట్లేమో 475, 1,000, 2,050 ఇలా ప్యాకులుగా అమ్ముతారు. 1,775 కావాలంటే సులువుగా 2,050 ప్యాకే కొంటారు. 275 మిగిలిపోతాయి. వాటితో ఏమీ రాదు, వదిలేయబుద్ధీ కాదు, ఇంకో ప్యాకు కొంటారు. దానికి తోడు షాపులో రోజుకు నాలుగే స్కిన్‌లు, ఇరవై నాలుగు గంటల్లో మారిపోతాయి. రేపు ఉండదేమో అన్న టెన్షన్‌లోనే డబ్బు కట్టేస్తాం. నెలకు 250 రూపాయలు పరిమితి పెట్టుకోండి, అంతకు మించితే వచ్చే నెలే. కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో షూటింగ్ గేమ్ స్కిన్‌లు పెట్టుబడిగా కొందామని ఎవరైనా అంటే అసలు వినవద్దు. 2025 అక్టోబరులో ఆ గేమ్ కంపెనీ వాల్వ్ ఒక్క అప్‌డేట్‌తో, ఎరుపు రంగుతో గుర్తించే పై తరగతి స్కిన్‌లు అయిదు ఇస్తే అరుదైన కత్తి దొరికేలా మార్చింది. ఖరీదైన కత్తుల ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. ఒక కంపెనీ ఇష్టం మీద విలువ ఆధారపడిన వస్తువును సిప్ పక్కన పెట్టి మాట్లాడకూడదు.

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆన్‌లైన్ రమ్మీలో ఇళ్లు గుల్లయిన కథలు ఆయన చుట్టుపక్కల విని ఉంటారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది. మీ గేమ్‌లో పందెం లేదు, గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు. కొన్న ధర, స్కిన్‌ల ఖర్చు, అంతే. ఈ ముక్క ఆయనకు నెమ్మదిగా చెప్పండి. నెలకు 7,083 కట్టాలని చెప్పినప్పుడు ఆయన కంగారు పడితే మాత్రం ఆయన పక్షానే నేనుంటాను.

ల్యాప్‌టాప్ ఎప్పటికీ వద్దని నా ఉద్దేశం కాదు. నెలకు మిగిలే 5,500లో 2,500 ఎమర్జెన్సీ ఫండ్‌కు, 3,000 ల్యాప్‌టాప్ పేరున ఒక రికరింగ్ డిపాజిట్‌కు వేయండి. కేఫ్‌కు వెళ్తే ఆ 800 సినిమాల ఖర్చులోంచి తీయండి. బోనస్ వస్తే చెరి సగం. ఏడాది తిరిగేసరికి ఎఫ్‌డీతో కలిపి ఎమర్జెన్సీ ఫండ్ 95,000 అవుతుంది. ఉద్యోగం పోతే ఇంటికి పంపాల్సిన 12,000, లోన్ వాయిదా 7,800 ఆగవు. మీ రంగంలో ఆ మాట ఎవరికీ కొత్త కాదు. ల్యాప్‌టాప్ డిపాజిట్‌లో అప్పటికి 66,000 ఉంటుంది, ఇంకో ఆరు నెలలకు 84,000. పాతది అమ్మితే ఎంతో కొంత వస్తుంది. ఏడాదిన్నరలో రొక్కం పెట్టి కొంటారు. అప్పటికి కూడా మీ నలుగురూ ఆ గేమ్ ఆడుతుంటే, అది కొనదగిన గేమ్ అని మీకే తెలిసిపోతుంది.

ఈలోగా నాలుగు వేలు కూడా పెట్టకుండా ఒక పని చేయవచ్చు. బ్యాటిల్‌ఫీల్డ్ 6కు కంపెనీ చెప్పిన కనీస గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 2060, ర్యామ్ 16 జీబీ. మీ కార్డు అంతకంటే తక్కువదే. అయితే అదే గేమ్‌కు చెందిన బ్యాటిల్ రాయల్ భాగం (చివరిదాకా మిగిలినవాళ్లే గెలిచే ఆట) రెడ్‌సెక్ 2025 అక్టోబరు 28 నుంచి ఉచితంగా దొరుకుతోంది. దాన్ని మీ పాత ల్యాప్‌టాప్‌లోనే దించుకుని, సెట్టింగులన్నీ తగ్గించి, ఒక శనివారం మీవాళ్లతో ఆడి చూడండి. ఆగి ఆగి నడిచినా ఆడగలిగేలా ఉంటే అప్పుడు గేమ్‌ను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో కొనండి. అక్కడ కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. కాబట్టి మొదటి రాత్రి క్యాంపెయిన్ జోలికి పోకుండా నేరుగా మల్టీప్లేయర్‌లోకే వెళ్లండి, గంటన్నర దాటగానే ఉంచుకోవాలా వద్దా అన్నది తేల్చుకోండి.