రిటైరయ్యాను, ఒక్కణ్ణే ఉంటున్నాను. ఇంట్లోంచి బయటపడేదెలా?

హైదరాబాద్ చిక్కడపల్లిలో అపార్ట్‌మెంట్, పిల్లలు వేరే ఊళ్ళో, పొద్దున నడక తప్పిస్తే రోజంతా టీవీ. సాయంత్రం ఎటైనా వెళ్దామనుకుని చివరి నిమిషంలో మానేస్తున్నానని రాశారు. అది బద్ధకం అనుకోకండి. నేను గమనించినంతవరకు ఎక్కువమంది ఆగిపోయేది రెండిటి దగ్గరే: రాత్రి ఎలా తిరిగిరావాలో, వచ్చాక ఏం తినాలో ముందే తేల్చుకోకపోవడం.

మీరున్న చోటు ఇందుకు బాగా అనువైనది. నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ దగ్గర్లోనే ఉన్నాయి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రమూ దూరమేం కాదు. ఏ రోజు ఎక్కడ ఏముందో పేపర్లో నగరం పేజీ చూస్తే తెలుస్తుంది. సన్మానాలు, పుస్తకావిష్కరణలు, పాత పాటల కార్యక్రమాలు చాలావాటికి టికెట్ ఉండదు. ఆహ్వానపత్రంలో 6 గంటలని వేస్తే మొదలయ్యేది ఆరున్నరకి, శాలువాలు కప్పడం అయ్యేసరికి ఏడు. పాట కోసమే అయితే ఏడింటికి వెళ్ళినా నష్టం లేదు. మనుషుల కోసమైతే మాత్రం 5:45కే వెళ్ళాలి, ఎందుకంటే పక్క కుర్చీ ఆయనతో మాట కలిసేది ఆ ఖాళీ ముప్పావుగంటలోనే. నడవ పక్క కుర్చీ చూసుకోండి. బాత్రూమ్‌కి లేవాలన్నా, మధ్యలో వచ్చేయాలన్నా పదిమంది మోకాళ్ళు దాటక్కర్లేదు.

రవీంద్రభారతికి వెళ్ళాలంటే చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) లైను మారి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగాలి. చుట్టుదారే, కానీ రాత్రి ఎనిమిదిన్నరకి రోడ్డు మీద నిలబడి ఆటో బేరమాడే పని తప్పుతుంది. స్టేషన్ నుంచి ఇంటిదాకా నడిచే దారిని ఒకసారి పగలే చూసి పెట్టుకోండి. లేచిపోయిన ఫుట్‌పాత్ రాళ్ళు, దీపాలు లేని సందు ఎక్కడున్నాయో రాత్రి కనిపెట్టకూడదు.

వారంలో అయిదు రోజులు పెట్టుకోవద్దు, రెండు చాలు. కానీ ఆ రోజు, ఆ గంట మారకూడదు. గ్రంథాలయానికి బుధవారం పదింటికి అనుకుంటే ప్రతి బుధవారం పదింటికే. వేళాపాళా లేకుండా వెళ్ళేవారిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒకే వేళకి నెలరోజులు కనిపిస్తే మాత్రం, ఒక వారం రాకపోయినా ‘ఏమండీ, పోయిన వారం కనపడలేదు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగే చోటు రెండున్నా నయమే. మీ శాఖ పెన్షనర్ల సంఘం ఉంటే అది మూడోది. నవంబర్‌లో అక్కడ అందరికీ లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) గొడవే. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం ఫొటోతో అది ఇవ్వడం మీరు నేర్చుకుంటే పదిమందికి పనికొస్తారు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడి యాప్ తిప్పికొడుతుంది. వెలుతురు ఎదురుగా ఉండాలి, కళ్ళు ఆర్పమన్నప్పుడు ఆర్పాలి.

ఇక తిండి. బయటికి వెళ్ళే రోజు అయిదింటికి కొంచెం ఉప్మాయో అటుకులో తిని వెళ్ళండి. మధ్యాహ్నం వండిన అన్నంలోంచి ఒక గుప్పెడు అప్పుడే పెరుగన్నం కలిపి ఫ్రిజ్‌లో పెట్టేస్తే, తొమ్మిదింటికి వచ్చాక పొయ్యి వెలిగించే పనుండదు. షుగర్ మాత్రలు వేసుకునేవారైతే ఈ వేళల మార్పు డాక్టర్‌కి చెప్పి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడగాలి. ఒక్కరి వంటకి పూటకి 75 గ్రాముల బియ్యం, ఒక గుప్పెడు కందిపప్పు సరిపోతాయి. చిన్న కుక్కర్ కొనండి. అయిదు లీటర్ల కుక్కర్లో గుప్పెడు పప్పు పెడితే అడుగంటుతుంది, లేదా నీళ్ళెక్కువై చారవుతుంది. కూరలు పావుకిలో చొప్పున మూడు రకాలకి మించి తేవద్దు. కర్రీ పాయింట్ కూర తెచ్చినా తప్పులేదు గానీ, ఆ ప్యాకెట్ ఒక్కరికి రెండు పూటలకి వస్తుంది. తినకముందే సగం తీసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎండాకాలంలో బయట వదిలేస్తే సాయంత్రానికి పులుస్తుంది.

స్నానానికి వెళ్ళినప్పుడు బాత్రూమ్ గడియ పెట్టకండి, ఇంట్లో ఉన్నది మీరొక్కరే కదా. ఫోన్ కూడా లోపలే, పైన ఎక్కడో కాకుండా, కిందపడ్డా చేతికందేంత ఎత్తులో స్టూల్ మీద ఉండాలి. వీధి తలుపుకి లోపలి గొళ్ళెం వేస్తే పక్కింట్లో ఇచ్చిన తాళంచెవి దండగ. రాత్రిపూట బయటినుంచి కూడా చెవితో తెరుచుకునే తాళం ఒక్కటే వేయండి. తలుపుకి తగిలించిన పాలసంచి ఎనిమిదింటికీ అలాగే ఉంటే బెల్ కొట్టమని పక్కింటివారికి చెప్పండి.

స్నేహితులు కుదిరాక తిరుపతో అన్నవరమో అంటారు. రైల్లో సీనియర్ల లోయర్ బెర్త్ కోటా మగవారికి 60, ఆడవారికి 45 ఏళ్ళు దాటితే వర్తిస్తుంది, కానీ ఒక టికెట్ మీద ఇద్దరికి మించకూడదు. ముగ్గురు కలిసి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా రాదు, అందుకే ఇద్దరికొకటి, ఒకరికొకటి వేరుగా తీయండి. బయల్దేరేముందు పాలు, పేపరు ఆపించి పక్కింట్లో చెప్పడం మర్చిపోవద్దు. వాళ్ళు రెండుసార్లు ఉత్తినే కంగారుపడ్డారంటే మూడోసారి బెల్ కొట్టరు.