క్లాసుకి టెలిగ్రామ్ బాట్ పెట్టాలంటే: ముందు క్విజ్, ఆ తర్వాతే ఏఐ

మీరు అడిగింది: బీటెక్ సెకండియర్, 120 మంది, డేటా స్ట్రక్చర్స్. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో బాట్ (చాట్‌లో తనంతట తాను జవాబిచ్చే ప్రోగ్రామ్) పెట్టి సందేహాలన్నీ ఏఐతో తీర్చవచ్చా అని.

తీర్చవచ్చు సార్, కానీ దాంతో మొదలుపెట్టకండి. మొదటి నెల రోజుకి మూడు క్విజ్ ప్రశ్నలు, యూనిట్‌వారీ నోట్స్, మిడ్ పరీక్షల తేదీలు చాలు. బాట్ తెరిచే అలవాటు పడకుండా ఏఐ పెడితే మొదటివారం సరదాకి వాడి వదిలేస్తారు.

వాట్సాప్ అందరి ఫోన్లోనూ ఉంటుంది, నిజమే. కానీ విద్యార్థి చివరి మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే, వాట్సాప్ దగ్గర ముందే ఆమోదం తీసుకున్న టెంప్లేట్ (నమూనా మెసేజ్) తప్ప ఏదీ పంపనివ్వదు. రిప్లై బటన్లు కూడా మూడే. రోజువారీ క్విజ్‌కి టెలిగ్రామే నయం.

బాట్‌ఫాదర్ (బాట్లు తయారుచేసిచ్చే టెలిగ్రామ్ వాళ్ల సొంత బాట్) దగ్గర బాట్ తయారుచేసి టోకెన్ (మీ ప్రోగ్రామ్ ఆ బాట్‌ని నడపడానికి వాడే రహస్య కోడ్) తీసుకోవడం రెండు నిమిషాల పని. అసలు చిక్కు ఏంటంటే, బాట్ తనంతట తాను ఎవరికీ మొదటి మెసేజ్ పంపలేదు. విద్యార్థే స్టార్ట్ నొక్కాలి. అందుకని సెక్షన్‌కో స్టార్ట్ లింక్ చేసి, క్యూఆర్ కోడ్‌గా క్లాసులోనే ప్రొజెక్టర్ మీద చూపించండి. ఎవరు ఏ సెక్షనో లింకుని బట్టే తెలిసిపోతుంది.

క్విజ్ పోల్ (ఆప్షన్ నొక్కి జవాబిచ్చే టెలిగ్రామ్ ప్రశ్న) మామూలుగా అనామకంగా వెళ్తుంది. ఆ సెట్టింగ్ మార్చకపోతే ఎవరు ఏం నొక్కారో మీకు రాదు. ఆప్షన్‌కి 100 అక్షరాలే పడతాయి, కోడ్ ముక్క పట్టదు. కోడ్‌ని ముందు విడి మెసేజ్‌గా పంపి, కింద పోల్ పెట్టండి. వివరణకి 200 అక్షరాలు ఇస్తుంది, తప్పు నొక్కినవాళ్లకి అది వెంటనే కనిపిస్తుంది. నిజంగా నేర్పేది ఆ రెండు లైన్లే. "సరైన జవాబు బి" అని రాసి వృథా చేయకండి, ఆ తప్పు ఎందుకు చేస్తారో రాయండి.

పోల్ కాకుండా సొంత బటన్లు పెడితే ఒక్కో బటన్ వెనక డేటా (నొక్కినప్పుడు మీ ప్రోగ్రామ్‌కి వెళ్లేది) 64 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. పొల్లు, దీర్ఘం కూడా విడి గుర్తులే కాబట్టి "స్టాక్" అన్న పదంలో ఆరు గుర్తులు, దానికే 18 పోతాయి. బటన్ మీద తెలుగు రాయండి, వెనక మాత్రం ప్రశ్న నంబరు పెట్టండి.

గ్రూపులో బాట్ పలకట్లేదంటే అది ప్రైవసీ మోడ్. స్లాష్‌తో మొదలయ్యే కమాండ్లు, తనకిచ్చిన రిప్లైలు తప్ప వేరేవి దానికి కనిపించవు. ఆపాలంటే బాట్‌ఫాదర్‌లో మార్చి, బాట్‌ని గ్రూపులోంచి తీసి మళ్లీ చేర్చాలి. నన్నడిగితే అలాగే ఉంచి, క్విజ్ పర్సనల్ చాట్‌లో నడపడం మేలు. 409 ఎర్రర్ వస్తుంటే ఒకే టోకెన్‌తో రెండు చోట్ల ప్రోగ్రామ్ నడుస్తోందేమో చూడండి. సాధారణంగా ప్రాజెక్ట్ బ్యాచ్‌లో ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఆపడం మరిచిపోయి ఉంటారు.

ఏఐ చేర్చే రోజు వచ్చాక మీ నోట్స్ నుంచే, పేజీ నంబరుతో జవాబు చెప్పమనండి. నోట్స్‌లో లేకపోతే ఆ ప్రశ్న మీకు రావాలి. ఫోన్‌తో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో టెక్స్ట్ ఉండదు, ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివి టెక్స్ట్‌గా మార్చడం) చేయక తప్పదు. అను ఫాంట్స్‌లో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేసిన సర్క్యులర్ల నుంచైతే పిచ్చి గీతలే వస్తాయి. మార్కుల నిబంధనలు ఏఐకి వదలకండి. జేఎన్టీయూహెచ్‌లో ఆర్18 (2018 రెగ్యులేషన్)కి ఇంటర్నల్స్ 25 మార్కులు, ఆర్22 (2022ది)కి 40. బ్యాక్‌లాగ్ రాసేవాళ్లూ అదే బాట్‌ని అడుగుతారు కాబట్టి, ముందు రెగ్యులేషన్ ఏదని బటన్‌తో అడిగించండి.

రోల్ నంబర్ కొడితే మార్కులు చూపించే ఫీచర్ మాత్రం వద్దు. పక్కవాడి నంబరు అందరికీ తెలుసు.