ఒక్కదాన్నే వచ్చాను... ఇక్కడ ఉండలేను, ఇంటికి చెప్పలేను

ప్రశ్న: మేడమ్, నాకు 26 ఏళ్లు. మాది హనుమకొండ. బాపు సింగరేణిలో చేసి భూపాలపల్లిలో రిటైరయ్యాడు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నాను. బ్యాగు వీపున వేసుకుని ఒక్కదాన్నే ఒక దేశం తిరిగి రావాలని ఎప్పటినుంచో కోరిక. జీతంలో కొంచెం కొంచెం దాచుకుని వియత్నాం వచ్చాను, నెల రోజుల ప్లాన్. "ఒక్కదానివి పోతే నాతో మాట్లాడకు" అన్నాడు బాపు. నిజంగానే మాట్లాడటం మానేశాడు. అమ్మ మాత్రం చీటీ ఎత్తిన డబ్బులో కొంత ఆయనకు తెలియకుండా నా చేతిలో పెట్టింది. వచ్చి వారం కూడా కాలేదు. హనోయ్ ఓల్డ్ క్వార్టర్‌లో హాస్టల్లో ఎనిమిది మంచాల గదిలో ఉన్నాను. బయట అడుగు పెడితే అన్నీ బైకులే. ఫుట్‌పాత్ నిండా బైకులు, మిగిలిన జాగాలో చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసుకుని తినే జనం. మొదటి రోజు ఒక రోడ్డు దాటలేక చాలాసేపు నిలబడిపోయాను. ఎవరో ముసలమ్మ నా మోచేయి పట్టుకుని అవతలికి తీసుకెళ్లి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తన దారిన తాను పోయింది. అక్కడే ఏడ్చేశాను. 20,000 డాంగ్ నోటు అనుకుని ఒకడికి 5 లక్షల నోటు ఇచ్చాను, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఏది ఏ మాంసమో తెలియక అరటిపళ్లు, బ్రెడ్డు తింటున్నాను. కనబడిన ప్రతివాళ్లూ వయసెంత, పెళ్లయిందా అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నలు వినలేకే కదా నేను ఇంట్లోంచి బయటపడింది! ఇక్కడి మనుషులకు మర్యాదే లేదనిపిస్తోంది. ఫ్యామిలీ గ్రూప్‌లో మాత్రం నవ్వుతూ ఫొటోలు పెడుతున్నాను. తిరిగి వచ్చేస్తే బాపు ముందు తలెత్తుకోలేను, అమ్మ కూడా ఆయన చేత మాటలు పడాలి. ఉంటే పిచ్చెక్కేలా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బిడ్డా, టికెట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు కడుపు నిండా వేడిగా ఏదైనా తిను. నీ ఉత్తరంలో నాకు మొట్టమొదట కనబడింది అదే. సగం ఆకలితో, ఎనిమిది మంది వచ్చీపోయే గదిలో నిద్ర పట్టీ పట్టక పొర్లే మనిషికి ఏ ఊరైనా భయంగానే ఉంటుంది. అక్కడ ఫో అనే నూడుల్స్ సూప్ సందు సందుకూ దొరుకుతుంది, బోర్డు మీద 'ఫో గా' అని ఉంటే చికెన్, 'ఫో బో' అంటే బీఫ్. అసలు మాంసమే వద్దనుకుంటే 'చాయ్' అని రాసి ఉన్న హోటల్ చూసుకో, అది టీ కొట్టు కాదు, శాకాహారం, అన్నం కూరలు పెడతారు. ఇంకో మాట, ఈ రాత్రికే ఆ గది మార్చి రెండు మూడు రోజులకు ఒంటరి గది తీసుకో. ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనీ. వీపున బ్యాగు వేసుకున్నంత మాత్రాన ప్రతి రాత్రీ కష్టపడే పడుకోవాలని ఎవరూ రూల్ పెట్టలేదు.

ఇక జనం మాట. నువ్వు జనాన్ని చూసి భయపడ్డాను అనుకుంటున్నావు, నాకు మాత్రం అలా అనిపించడం లేదు. హనుమకొండ పిల్లవు, చిన్నప్పుడైనా మేడారం జాతరకు పోయే ఉంటావు. కోటి మందికి పైగా వచ్చే చోటు, జంపన్న వాగులో కాలు పెట్టడానికి సందు ఉండదు, దుమ్ము, ఎండ, కొబ్బరికాయల చప్పుడు, గద్దెల దగ్గర తోపులాట. అయినా ఆ జనం నిన్ను భయపెట్టి ఉండదు, ఎందుకంటే అమ్మ కొంగు చేతిలో ఉంటుంది, తప్పిపోయినా మైకులో నీ పేరు, ఊరు పేరు పిలుస్తారు. హనోయ్‌లో నీ పేరు తెలిసినవాళ్లే లేరు. అంత జనంలో నువ్వు ఉన్నా లేకపోయినా ఎవరికీ పట్టదు అన్న సంగతి ఆ రోడ్డు పక్కన నిలబడినప్పుడు ఒక్కసారిగా తగిలింది నీకు. బైకులు అందుకు ఒక సాకు.

రోడ్డు సంగతికొస్తే ఒక చిన్న కారణం కూడా ఉంది. మన దగ్గర బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి, వియత్నాంలో కుడి పక్కన. పుట్టినప్పటినుంచీ రోడ్డు దిగేటప్పుడు ముందు కుడివైపు చూసే అలవాటు నీది, అక్కడ ముందు వచ్చేది ఎడమవైపు నుంచి. అంటే నువ్వు చూసే వైపు ఖాళీగా ఉండి, చూడని వైపు నుంచి బండి మీదికొస్తోంది, గుండె జారకుండా ఎట్లా ఉంటుంది? ఎడమకు చూసి, కార్లు, బస్సులు పోనిచ్చి, తర్వాత మెల్లగా ఒకే వేగంతో నడువు. పరుగెత్తకు, మధ్యలో ఆగకు, వెనక్కి అసలే తిరగకు. బైకులవాళ్లు నీ నడక చూసుకుని పక్కనుంచి పోతారు. ఆ ముసలమ్మ నిన్ను దాటించింది ఇట్లాగే, గుర్తు చేసుకో.

ఆ ముసలమ్మ గురించి రాసిన నాలుగు మాటల తర్వాత "ఇక్కడి మనుషులకు మర్యాదే లేదు" అని రాశావు. ఆ వాక్యం మాత్రం నాకు నచ్చలేదు, అది నువ్వు కాదు నీ భయం రాసింది. ముక్కూమొహం తెలియని పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడితే చేయి పట్టుకుని దాటించిన మనిషి ఆ ఊరి మనిషే కదా. నోటు పట్టుకుపోయినవాడూ ఆ ఊరివాడే, కాదనను. 5 లక్షల నోటు, 20,000 నోటు రెండూ నీలంగానే ఉంటాయి, కొత్తవాళ్లు తికమకపడేది సరిగ్గా అక్కడే. పోయింది మన లెక్కలో సుమారు 1,700 రూపాయలు. బాధే, దాన్ని పట్టుకుని నిన్ను నువ్వు తెలివితక్కువదానివని తిట్టుకోకు. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టు, బండి కావాలంటే గ్రాబ్ యాప్‌లో పిలుచుకో, రేటు ముందే కనబడుతుంది. వయసు అడగడం కూడా నువ్వు అనుకున్నట్టు సంబంధాలు చూసే అత్తమ్మల ఆరా కాదు. వాళ్ల భాషలో ఎదుటి మనిషిని పెద్దా చిన్నా తెలుసుకుని అక్క, చెల్లె, పిన్ని అని వరసపెట్టే పిలవాలి, వయసు తెలియకపోతే వాళ్లకు మాట మొదలుకాదు. పెళ్లి మాట అడిగితే నవ్వి ఊరుకో.

నీకు జరుగుతున్నది కొత్తదేమీ కాదు. 1954లోనే కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త బ్రెజిల్‌లో ఒక ప్రసంగంలో దీన్ని కల్చర్ షాక్ అంటూ వివరంగా చెప్పాడు. తిండి మీద, నీళ్ల మీద అతి అనుమానం, అందరూ మోసం చేస్తారన్న భయం, చిన్న విషయానికే ఆ దేశం వాళ్ల మీద కోపం, ఇంటికి పోవాలన్న తపన... ఆయన చెప్పిన లక్షణాలు, నీ ఉత్తరం పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా లేదు. అలవాటు పడేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. కానీ నీ విషయంలో ఇది తగ్గకుండా చేస్తున్నది ఒకటి ఉంది, ఆ నవ్వుతున్న ఫొటోలు.

మనిషికి భయమేస్తే ఇంట్లోవాళ్లతో చెప్పుకుంటుంది, వాళ్లు "ఏం కాదులే" అంటారు, సగం భారం అక్కడే దిగుతుంది. నువ్వు ఆ తలుపు నీ చేతులతోనే మూసేశావు. రోజంతా భయపడి, రాత్రి గదికొచ్చి, ఫోన్ ముందు నవ్వి, ఫొటో పెట్టి, "సూపర్‌గా ఉంది" అని రాసి, ఆ తర్వాత దుప్పట్లో ఏడిస్తే అది రెండింతల టెన్షన్. ఇవాళ్టి నుంచి ఆ ఫొటోలు ఆపు.

ఆపి, బాపుకు ఫోన్ చెయ్యి. అమ్మకు కాదు, బాపుకే. ఆయన నీతో మాట మానెయ్యడం ముమ్మాటికీ తప్పు. సొంత సంపాదనతో, చెప్పి మరీ బయలుదేరిన 26 ఏళ్ల బిడ్డను మౌనంతో శిక్షించే హక్కు ఏ తండ్రికీ లేదు, ఆయన నాకు ఎదురుపడినా ఈ మాటే అంటాను. అయితే ఆయన వైపు నుంచి కూడా ఒకటి చూడు. అన్నేళ్లు బొగ్గుబాయి దిగిన మనిషి. ఆయన షిఫ్టుకు పోయిన ప్రతిసారీ మీ అమ్మ, బహుశా నువ్వు కూడా, టైము దాటితే వాకిట్లోకి వచ్చి చూసి ఉంటారు. ఎదురుచూడటం మీకు అలవాటు, ఆయనకు కాదు. ఇప్పుడు జీవితంలో మొదటిసారి ఇంట్లో కూర్చుని ఎదురుచూసే వంతు ఆయనకు వచ్చింది, అది ఎట్లా చెయ్యాలో తెలియక మొహం తిప్పుకున్నాడు.

హనోయ్‌లో టైము మనకంటే గంటన్నర ముందు. నీకు రాత్రి తొమ్మిదిన్నర అయితే ఇక్కడ ఎనిమిది, అన్నం తిని టీవీ ముందు కూర్చునే వేళ. క్షమించమని అడగకు, పర్మిషన్ అడగకు, గొప్పలూ చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు: "బాపూ, నేనే. బాగనే ఉన్న. మొదట చాలా భయమైంది, రోడ్డు దాటలేక ఏడ్చిన. ఇప్పుడు గది మార్చుకున్న. రెండు రోజులైనంక ఇంకో ఊరికి పోతున్న, అడ్రస్ పంపిస్త." ఇంతే. ఆయన ఫోన్ ఎత్తకపోతే ఇవే మాటలు వాయిస్ మెసేజ్ పెట్టు. "నేను ముందే చెప్పిన" అంటాడు, అననీ, ఆ ఒక్క మాట పడు, వాదించకు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న "తిన్నవా" అనే నా నమ్మకం.

ఆ ఇంకో ఊరు ఏదంటావా, నిన్ బిన్ పో. హనోయ్‌కు దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు, రైల్లో రెండు గంటల పైచిలుకు. పొలాల మధ్య సున్నపురాయి గుట్టలు, వాటి నడుమ నది, టామ్ కోక్ దగ్గర పడవ నడిపేవాళ్లు వెనక్కి ఆనుకుని పాదాలతో తెడ్లు వేస్తారు. సైకిల్ అద్దెకు తీసుకుని ఊరికే తిరుగు, చూడాల్సిన చోట్ల లిస్టు పక్కన పెట్టు. అక్కడ రెండు మూడు రాత్రులు కంటినిండా పడుకున్నాక అప్పుడు టికెట్ గురించి ఆలోచించు, అంతకుముందు వద్దు. భయంతో ఉన్న రాత్రి బుక్ చేసిన టికెట్‌కు తెల్లారి మళ్లీ ఏడుస్తావు.

మనసు కుదుటపడితే కిందికి, మధ్య వియత్నాంలోని హోయి ఆన్ అనే ఊరి దాకా వెళ్లు. దాని దగ్గర్లోనే మీసన్ అనే చోట 4 నుంచి 13వ శతాబ్దం దాకా ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు ఇటుకలతో కట్టించిన శివాలయాలు ఉన్నాయి, 1969లో అమెరికా బాంబులకు చాలా దెబ్బతిన్నాయి, అయినా నిలబడ్డవి ఉన్నాయి. 1999లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది, మన రామప్పకు వచ్చింది 2021లో. రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయని మీ బాపు నీకు చిన్నప్పుడు చెప్పే ఉంటాడు. గ్రూప్‌లో కాదు, అక్కడినుంచి ఆయనకు ఒక్కడికే వీడియో కాల్ చేసి ఆ గుడి గోడలు చూపించు.

నిన్ బిన్‌లో తిని, పడుకుని, బాపుతో మాట్లాడాక కూడా నిద్ర రాకపోతే, గుండె దడ తగ్గకపోతే, నిర్మొహమాటంగా వచ్చెయ్. నెల ప్లాన్ వేసుకుని వారానికే వచ్చినవాళ్లు నువ్వు ఒక్కదానివే కావు. నీ డబ్బు, నీ ప్రయాణం, ఎవరికీ లెక్క అప్పజెప్పాల్సిన పని లేదు. అక్కడ ఉన్నన్నాళ్లూ పోలీసుకు 113, అంబులెన్స్‌కు 115 అని ఫోన్లో రాసి పెట్టుకో, హనోయ్‌లో మన ఎంబసీ ఉంది, ఆ నంబరు కూడా. ఏ ఊళ్లో ఉన్నావో రోజూ ఇంట్లో ఒకరికి తెలిసేలా చూసుకో.

అమ్మ ఇచ్చిన చీటీ డబ్బు గురించి మాత్రం బాపుతో నువ్వు నోరు జారకు. అది ఆమె రహస్యం, ఎప్పుడు చెప్పాలో ఆమే చూసుకుంటుంది. బాపుకు ఫోన్ చేసిన మర్నాడు ఆమెకు విడిగా ఫోన్ చేసి, బాపుతో మాట్లాడానని, ఇక ఆమె మధ్యలో నలగక్కర్లేదని చెప్పు.