కెన్యా బడికి పంపిన పుస్తకాల పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోతే

చెన్నై టి.నగర్ నుంచి కెన్యాలోని ఒక బడికి విరాళంగా పంపిన పుస్తకాల పెట్టె అక్కడి కస్టమ్స్‌లో ఆగిపోయిందని, ఫారంలో విలువ దగ్గర సున్నా రాశానని మీరన్నారు. ఆగడానికి కారణం ఆ సున్నాయే అయ్యుంటుంది. ఊరికే ఇచ్చినా ఎంతో కొంత నిజమైన విలువ రాయాలి.

1. బడి హెడ్మాస్టర్‌ చేత ఉత్తరం రాయించండి: “ఇవి మా లైబ్రరీకి విరాళం, అమ్మకానికి కాదు.” సంతకం, స్టాంపు తప్పనిసరి. అందరూ మరిచేది ఇదే. కస్టమ్స్ వాళ్లు నిలదీసేది మిమ్మల్ని కాదు, తీసుకునేవాళ్లని. ఆ ఉత్తరం ఇప్పుడు వాళ్లే చూపించాలి. ఇకపై పెట్టె కట్టకముందే తెప్పించుకుని, ఒక నకలు పైపుస్తకం మీద పెట్టండి, ఇంకొకటి ప్లాస్టిక్ కవర్లో బయట అంటించండి.

2. ఇకపై పంపే పెట్టెలో ఏమున్నాయో రాసే జాబితాలో ఉత్త “పుస్తకాలు” చాలదు. “పిల్లల ఇంగ్లిష్ కథలు, వాడినవి, 42, ఒక్కోటి 20 రూపాయలు” అని ఇంగ్లిష్‌లో రాయండి.

3. ఇకపై పంపేటప్పుడు మన ఎంట్రన్స్ పరీక్షల పాత గైడ్లు తీసేయండి. అక్కడి పిల్లలకి అవెందుకు, తూకం దండగ!