సంఘం ప్రెసిడెంటైన మేనల్లుడికి

అల్లుడూ,

మామ దీవించి రాస్తున్నది. నిన్ను కాఫీ సంఘానికి ప్రెసిడెంటుగా పెట్టుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. కోతలు మొదలవకముందే నాలుగు మాటలు చెవిన వేద్దామని కాగితం పట్టాను. ఫోన్లో చెబితే సగం విని "సరే మామా" అంటావు.

సేంద్రియ కాఫీ అంటే మందు కొట్టకపోవడమే అని పట్నం వాళ్లు అనుకుంటారు. మన పాడేరు కొండల్లో కాఫీకి మందు కొట్టకపోవడం ఏమంత గొప్ప? కొనడానికి డబ్బు ఉంటే కదా. అసలు చిక్కు అక్టోబరులో వస్తుంది. వరి ఇంకా కోతకు రాదు, రాజ్‌మా పూత మీద ఉంటుంది, ఇంట్లో పైసా ఉండదు. అదను చూసుకుని సంతలో షావుకారు నాలుగు వేలు చేతిలో పెడతాడు. ఆ బాకీ తీరాలంటే నవంబరులోనే కాయ దింపాలి. ఇక పండిందీ పండనిదీ చూడకుండా కొమ్మ పట్టుకుని దూసేస్తారు. పచ్చికాయ కలిసిన కాఫీకి ఎన్ని సర్టిఫికెట్లు అంటించినా కప్పులో వగరు వగరే. అందుకని నువ్వు చేయాల్సిన మొదటి పని తోటలో లేదు, సంఘం లెక్కల పుస్తకంలో ఉంది. పోయినేటి మిగులులో కొంత పక్కన పెట్టి, దసరా లోపే సభ్యులకు అడ్వాన్సు ఇవ్వు. చిన్న మొత్తమైనా పర్వాలేదు, వేళకు అందాలి. పండు తూచిన రోజే డబ్బు కూడా ఇచ్చేయి. "వచ్చే వారం రా" అన్న సంఘాన్ని రెండోసారి ఎవరూ నమ్మరు.

కోత సంగతి. ఎర్రగా పండినదే ఒక్కొక్కటిగా గిల్లాలి, ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ఇది చేసేది ఆడవాళ్లు. పట్టా మాత్రం మగవాడి పేరు మీద, సభ్యత్వమూ అతనిదే, మీటింగులో కూర్చునేదీ అతనే. నువ్వు చెప్పిన కబుర్లు ఇంటికి చేరేసరికి సగం మాయం. ఇంటి ఇల్లాలిని కూడా సభ్యురాలిని చెయ్యి, బైలాలో, అంటే సంఘం నియమాల్లో, వీలు లేకపోతే మహాజన సభలో తీర్మానం పెట్టి మార్పించు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘం మనది, బైలా మార్చుకునే హక్కు సభ్యులదే.

సేంద్రియ సర్టిఫికెట్టు మాటకొస్తే, కాఫీలాంటి బహువార్షిక పంటకి మూడేళ్లు రసాయనం తగలకుండా ఉండాలి. గ్రూపులో 500 మంది వరకు ఉండొచ్చు, అందరికీ కలిపి ఒకటే కాగితం. ఒకడు దాచింది బయటి తనిఖీలో దొరికితే ఊరందరి కాగితానికీ ఎసరు. మనవాళ్లే ముందు పట్టుకుని పక్కన పెడితే ఆ ఒక్కడితో పోతుంది. కాబట్టి సంఘం తరఫున లోపలి తనిఖీ చేసే కుర్రాళ్లుగా నీ బంధువులని పెట్టకు. నా పేరు చెప్పుకుని ఎవరైనా వచ్చినా సరే. ఇంకో మాట, తప్పు తోటలో దొరకదు, ఇంట్లో దొరుకుతుంది. కూరగాయల మడికి తెచ్చిన యూరియా బస్తా ఖాళీ అయ్యాక కడిగి ఆరేసి, అందులోనే కాఫీ పోస్తారు. కడిగితే ఏముందిలే అనుకుంటారు. తనిఖీకి వచ్చినవాడు తోట చూడకముందే ఆ బస్తాను చూస్తాడు. గోనె సంచులు సంఘమే కొని పంచితే ఈ గోల ఉండదు. స్ప్రేయరు కూడా అంతే, పక్క మడిలో మందు కొట్టినదాన్ని అరువు తెచ్చి వేపనూనె కొట్టినా లెక్కకి తప్పే.

పురుగుల గురించి కాఫీ బోర్డు వాళ్లు చెబుతారు, నేను రెండే చెబుతాను. తెల్ల కాండం తొలిచే పురుగు ఎండ పడే చెట్టునే వెతుక్కుంటుంది. నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకి మంచి రేటు వచ్చిందని నరికి అమ్ముకున్న తోటలో రెండేళ్లు తిరిగేసరికి కాఫీ పోతుంది, వాటి మీద పాకిన మిరియం పాదు ముందే పోతుంది. ఆకు పసుపెక్కి, కాండం మీద బెరడు గట్లలా ఉబ్బిన చెట్టు కనిపిస్తే సెప్టెంబరులోనే పీకి కాల్చేయాలి. అక్టోబరు వచ్చిందంటే పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. రెండోది 2025లో అరకు వైపు కనిపించిన కాయతొలుచు పురుగు. పండు కొసన సూది గుచ్చినంత రంధ్రం ఉంటుంది. అలాంటివి ఏరి మరిగే నీళ్లలో వేసి, తర్వాత గొయ్యి తీసి పూడ్చాలి. కోత అయ్యాక చెట్టు మీదా కిందా ఒక్క పండు మిగలకూడదు, పురుగు దాంట్లోనే మళ్లీ కోత దాకా బతుకుతుంది. బయటి వ్యాపారుల పాత సంచులు ఊళ్లోకి రానివ్వకు.

ఇక పల్పింగ్ దగ్గర కాస్త నిలబడు. పండు వచ్చిన రోజే తొక్క తీయాలి, రాత్రి ఉంచితే పులిసిపోతుంది. ముందు నీళ్లలో పోసి తేలినవి తీసేయి, అవి వేరే ఎండబెట్టి చెర్రీగా అమ్ముకోవచ్చు. తొక్క తీసిన గింజని తొట్టిలో ఉంచేటప్పుడు గడియారం చూడకు. ఒక రోజులో జిగురు వదులుతుందని పుస్తకాల్లో ఉంటుంది గానీ మన డిసెంబరు చలికి ఒకటిన్నర రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. గుప్పెడు తీసి కడిగి రుద్దు. గులకరాళ్లలా గరగరమంటే అయినట్టు, వేళ్ల మధ్య జారితే ఇంకా ఆగాలి. కర్ర గుచ్చి తీసినప్పుడు గుంట పూడకుండా నిలబడినా అదే లెక్క. కడిగిన నీళ్లు, తొక్క గెడ్డలో పడేస్తే కింది ఊరివాళ్లు నీ మీదికొస్తారు, వాళ్లదే న్యాయం. తొక్కని పేడతో కలిపి కుప్ప వేస్తే మళ్లీ తోటకే ఎరువు.

ఎండబెట్టడానికి తడికల మంచెలే మేలు. మట్టి కళ్లంలో, రోడ్డు మీదా వద్దు, ఆ వాసన గింజకి పడుతుంది. సాయంత్రం మంచు దిగకముందే టార్పాలిన్ కప్పించు. గోదాములో పార్చిమెంట్ (పైపొట్టుతో ఎండిన గింజ) పక్కన పసుపు, ఎండుమిర్చి, కిరసనాయిలు డబ్బా పెట్టనివ్వకు. తేమ పది శాతానికి రాకుండా ఎవరిది తెచ్చినా, అది నాదైనా సరే, వెనక్కి పంపు.

ఒక్కో ఏడు బజారు రేటు సంఘం రేటుని దాటిపోతుంది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా రేటు ఎప్పుడూ లేనంత పెరిగింది. అలాంటప్పుడు దళారులు జీపులేసుకుని గుమ్మాల్లోకే వస్తారు. బయట అమ్ముకున్నవాణ్ణి దొంగలా చూడకు. వాడికీ ఇల్లుంది. రేటు పడ్డ ఏడు వాడే నీ గుమ్మం తొక్కుతాడు, అప్పుడు తీసుకో, బోనస్ మాత్రం ఏయేడు ఎంత పోశాడో లెక్క చూసి ఇవ్వు. ఆ లెక్క కాగితం సంఘం గోడకి అంటించు, చదువు రానివాళ్లకి చదివి వినిపించు.

తొక్క తీసే పల్పర్ మిషను డిస్కులు అరిగాయని విన్నాను. గింజ నలిగితే తొట్టిలోనే పాడవుతుంది. నవంబరు రాకముందే మార్పించు, నర్సీపట్నంలో దొరక్కపోతే విశాఖ వెళ్లు. బిల్లు సంఘం పేరు మీదే రాయించు.

ఇట్లు
మీ మామ