ఆస్కార్‌లో ప్రొడక్షన్ డిజైన్ అవార్డు ఎవరికి వస్తుందో ముందే చెప్పడం ఎలా?

ప్రొడక్షన్ డిజైన్ అంటే కథ జరిగే చోటు తెర మీద ఎట్లా కనపడాలో చూసుకునే పని, సెట్లూ సామానూ అన్నీ. అవార్డు ఎవరికో చెప్పడం పెద్ద కష్టమేమీ లేదు. సెట్ వేశారని చూసేవాళ్లందరికీ తెలిసిపోవాలి. ఆ సినిమాకే ఇస్తారు. పనితనం ఎంతున్నా సెట్ అని తెలియకపోతే నామినేషన్‌తో సరిపెట్టుకోవాలి.

నమ్మకం లేకపోతే లెక్క చూడండి. ఈ విభాగానికి ఆర్ట్ డైరెక్షన్ అన్న పేరు తీసేసి ప్రొడక్షన్ డిజైన్ అని పెట్టాక మొదట గెలిచింది లింకన్, 2013లో. అక్కడి నుంచి 2025లో గెలిచిన వికెడ్ దాకా 13 సినిమాలు. అన్నీ పాతకాలం కథలో, ఎక్కడా లేని లోకాలో. మన కాలంలో మామూలు ఊళ్లో జరిగే కథ లా లా ల్యాండ్ ఒక్కటే. అదీ పాటల సినిమా, రంగులు కళ్లలో పొడుచుకుంటాయి. ఇంకో సంగతి, ఈ 13లో 12 సినిమాలు ఉత్తమ చిత్రం నామినేషన్ల జాబితాలోనూ ఉన్నాయి. ద గ్రేట్ గాట్స్‌బీ ఒక్కటే లేదు. కాబట్టి నామినేషన్లు రాగానే ఆ జాబితాలో లేనివాటిని కొట్టేయండి. మిగిలినవాటి ట్రైలర్లు సౌండ్ తీసేసి చూడండి. తెల్లారి లేచాక కూడా దేని సెట్ గుర్తుంటే దాని మీద పందెం కాయండి.

ఆర్ట్ డైరెక్టర్స్ గిల్డ్, అంటే హాలీవుడ్‌లో ఈ పని చేసేవాళ్ల సంఘం, ఇచ్చే అవార్డులు చూసి చెప్పొచ్చని చాలామంది రాస్తారు. యానిమేషన్ పక్కన పెడితే వాళ్లు పాతకాలం, ఫాంటసీ, ఇప్పటి కాలం అని మూడు ముక్కలు చేసి మూడు సినిమాలకు ఇస్తారు. మూడింటి మీద చెయ్యేసి ఒకటి తగిలిందనడం జోస్యమా? 2023లో గిల్డ్ పాతకాలం అవార్డు బాబిలాన్‌కే, బ్రిటన్ వాళ్లిచ్చే బాఫ్టా కూడా బాబిలాన్‌కే. అందరూ అదే అనుకున్నారు. ఆస్కార్ మాత్రం ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్‌కి పోయింది. అది ఉత్తమ చిత్రం జాబితాలో ఉంది, బాబిలాన్ లేదు.

ఎందుకిట్లా అంటే, నామినేట్ చేసేది ఆ పని తెలిసినవాళ్లే గానీ ఆఖరి ఓటు అకాడమీలో అందరిదీ. యాక్టర్లు, సౌండ్ వాళ్లు, పబ్లిసిటీ వాళ్లు అందరూ వేస్తారు. వాళ్లకు గోడ మీద పెచ్చు ఎట్లా ఊడిందో చూసే ఓపిక ఎక్కడిది? పారాసైట్‌లో ఆ డబ్బున్నవాళ్ల ఇల్లు సెట్టే. చాలామంది నిజం ఇల్లే అనుకున్నారు. 2020లో ఉత్తమ చిత్రం ఆస్కార్ దానికే వచ్చింది గానీ ఈ విభాగంలో మాత్రం వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హాలీవుడ్ పట్టుకుపోయింది.

ఇంత మంట నాకెందుకంటే, నేను నల్లగొండలో బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి మా కుంచెల్ని మూలకు పడేయక ముందు సంగతి. ఇప్పుడు ఏ సెంటర్‌లో చూసినా పుట్టినరోజు ఫ్లెక్సీలే, అక్షరాల్లో ఒత్తులు కూడా సరిగ్గా ఉండవు. సరే, అది వేరే ఏడుపు. అప్పట్లో దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో నిజాం కాలం నాటి కథ తీస్తూ బోర్డులకు నన్ను పిలిచారు. తహసీల్ కచేరీ బోర్డు ఉత్త తెలుగులో రాయమని కాగితం చేతికిచ్చారు. ఉర్దూ లేకుండా ఆ కాలంలో సర్కారు బోర్డు ఎట్లుంటదన్నాను. ఆర్ట్ అసిస్టెంట్ గోదావరి వైపు పిల్లాడు, మంచివాడు, వెంటనే ఒప్పుకున్నాడు. ఉర్దూ దస్తూరీ బాగా తెలిసిన పెద్దాయన దగ్గరికి బండి మీద పోయి రాయించుకొచ్చి, దాన్ని చూసి గీశాను. మర్నాడు ఆ బోర్డును గరుకు కాగితంతో రుద్ది, మట్టినీళ్లు కొట్టి పాతది చేశారు. ప్రాణం ఉసూరుమంది గానీ దూరం నుంచి చూస్తే అక్కడే పుట్టినట్టుంది.

అసలు తమాషా ఇంట్లో జరిగింది. షూటింగ్‌కి తీసుకున్న పాత భవంతి ఇంట్లోకి వ్యాన్ నిండా సామాను దింపారు. ఉయ్యాల బల్ల, పడక్కుర్చీ, నిమ్మపండుతో తోమినట్టు మెరిసే ఇత్తడి బిందెలు. ఇంటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసి, "గిదేంది బిడ్డా, మా ఇండ్లల్ల ఉయ్యాల బల్లలెక్కడియి? వాకిట్ల గోలెం ఏది? కాళ్లెట్ల కడుక్కుంటరు? వడ్లు యాడ పోస్తరు, గుమ్మి ఏది?" అంది. పిల్లాడు బిక్కమొహం వేసి, "ఎక్కడ దొరుకుతాయమ్మా?" అన్నాడు. ఆమె పెరట్లోకి చెయ్యి చూపింది. నీళ్లు నింపే ఆ పెద్ద గోలెం అక్కడే బోర్లించి ఉంది. నలుగురు మోసుకొచ్చారు. ఆమె నిలబడి వాకిట్లో ఎటు మూల పెట్టాలో చెప్పి పెట్టించింది. గడపకు పసుపు పూయబోయిన కుర్రాణ్ణి "చెప్పులిడిసి రా" అని కసిరి, ఆఖరికి తనే పూసింది. ఉయ్యాల బల్ల మళ్లీ వ్యాన్ ఎక్కింది. షాట్‌లో గోలెం ఫ్రేమ్ చివర అరక్షణం కనిపిస్తుంది, అంతే. అది లేకపోతే ఆ ఇల్లు మా దిక్కుది కాదు.

ఆ సినిమా పైసల్లేక సగంలో ఆగిపోయింది. నాకు రావాల్సిన బాకీ ఇప్పటికీ రాలేదు, ఎవరి పేరూ చెప్పను. ఆస్కార్ వాళ్లు ఈ ఒక్క విషయంలో నయం. డిజైనర్‌తో పాటు సెట్ డెకరేటర్‌కి కూడా అవార్డు ఇస్తారు. అంటే గోలెం తెచ్చిపెట్టినవాడి పేరు కూడా స్టేజి మీద చదువుతారు. మన దగ్గర టైటిల్స్ పడే లోపలే ఓటీటీ వాడు తరువాతి సినిమా మొదలుపెట్టేస్తాడు.

గోలెం లాంటి పనికి అవార్డు రాదా అంటే, జ్యూరీ కూర్చుని చూసే చోట వస్తుంది. జాతీయ అవార్డుల్లో వచ్చింది. 1988 నాటి 'దాసి'. దొర గడిలో, అంటే కోటలాంటి ఇంట్లో నడిచే కథ, తీసింది బి. నర్సింగరావు. కళా దర్శకత్వానికి తోట వైకుంఠానికి, దుస్తులకు మన మిర్యాలగూడ సుదర్శన్‌కు అవార్డులిచ్చారు. ఆస్కార్ జోస్యం చెప్పే మన యూట్యూబ్ ఛానళ్లలో ఒక్కడైనా ఆ సినిమా చూశాడా అని నా డౌటు. మిర్యాలగూడలో కూడా ఆయన పేరు అడిగి చూడండి, ఎందరు చెప్తారో.